కేకు కోసేముందు

1986 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చి జెర్సీ సిటీలో దిగాను. జర్నల్ స్క్వేర్ దగ్గర రెండు గదుల ఇంట్లో అయిదుగురం ఉండేవాళ్ళం. పాత్ రైల్లో హోబోకెన్‌లోని స్టీవెన్స్ కాలేజీకి వెళ్ళి చదువుకునేవాణ్ణి. ఇప్పటికీ కూరగాయలకని న్యూవార్క్ అవెన్యూకు వెళ్తే, కేకు పెట్టె పట్టుకుని గుంపుగా నడిచే మన పిల్లలు ఎదురవుతారు. వాళ్ళకు చెప్పాలని దాచుకున్న మాటలివి.

1. అప్పు చేసి పెట్టిన విందు తిన్నవాళ్ళకే రుచి.

వచ్చిన రెండు నెలలకే నా పుట్టినరోజు వచ్చింది. పన్నెండుమందిని మన్‌హట్టన్ తీసుకెళ్ళి హోటల్లో విందు ఇచ్చాను. నాన్న మాగాణి తాకట్టు పెట్టి పంపిన డబ్బు అది. ఆ నెల అద్దెకు గదిలోవాళ్ళ దగ్గర చెయ్యి చాపాను. చదువు సాగే రోజుల్లో విదేశీ విద్యార్థి కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ సంపాదన ఎంతో అందరికీ తెలుసు. నా విందుకు వచ్చినవాళ్ళెవరూ అంత ఖర్చు పెట్టమని నన్ను అడగలేదు. గొప్పగా కనపడాలన్న ఆశ నాదే.

2. ఇంటి దగ్గరి గడియారాన్ని మరిచిపోవద్దు.

అక్టోబరులో మన ఊరు ఇక్కడికంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. మా ఊళ్ళో ఫోను రైసుమిల్లులో ఒక్కటే. పుట్టినరోజు సాయంత్రం ఆరింటికి అక్కడికి ఫోన్ చేస్తానని అమ్మకు ఉత్తరం రాశాను. అంటే ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. రాత్రంతా విందులో గడిపి నేను లేచేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ పరమాన్నం వండి మిల్లులో అందరికీ పంచి, తలుపులు వేసేదాకా అక్కడే కూర్చుందట. ఆ మాట నాన్న ఉత్తరంలో చదివాను. అమ్మ మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. మీ జేబులో ఫోనుంది. మీ పుట్టినరోజు ఇక్కడికంటే ముందు అక్కడ మొదలవుతుంది. మొదటి పిలుపు అక్కడికే వెళ్ళాలి.

3. భయం ఉన్న రోజుల్లో తోడు నడిచినవాడే చుట్టం.

1987లో డాట్‌బస్టర్స్ అనే ముఠా జెర్సీ సిటీలో భారతీయుల మీద దాడులు చేసింది. మన ఆడవాళ్ళ బొట్టును ఎగతాళి చేస్తూ పెట్టుకున్న పేరది. సెప్టెంబరు చివర హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే యువకుణ్ణి కొందరు చావగొట్టారు. కొద్ది రోజులకే ఆయన కన్నుమూశాడు. ఆ అక్టోబరులో నా పుట్టినరోజు రాత్రి ల్యాబు ముగించుకుని జర్నల్ స్క్వేర్‌లో రైలు దిగితే, గదిలోని నలుగురూ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. అందరం కలిసి ఇంటికి నడిచాం. ఆ రాత్రి కేకు లేదు, పులిహోర ఉంది. మొదటి ఏడు విందుకు వచ్చిన పన్నెండుమందిలో సగం పేర్లు మరిచిపోయాను. ఈ నలుగురూ ఎక్కడెక్కడ నిలబడ్డారో కూడా ఇప్పటికీ గుర్తే.

4. అందరూ ఇల్లు చేరాకే సంబరం ముగిసినట్టు.

తాగి కారు నడిపి పట్టుబడితే వీసా రద్దు కావచ్చు. ప్రాణమే పోతే చెప్పేదేముంది? పాత్ రైలు రాత్రంతా నడుస్తుంది, దాన్నే ఎక్కండి. 2024లో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజునాడే చేతిలోని తుపాకీ పేలి చనిపోయాడు. తుపాకీ ఉన్న గదిలో పండుగ చేసుకోవద్దు.

5. పొయ్యి దగ్గర నిలబడ్డవాడి పుట్టినరోజు ముందు అడగాలి.

ఆ నలుగురిలో పులిహోర కలిపినవాడిది పలాస వైపు పల్లె. మా అందరి పుట్టినరోజులకూ వంట అతనిదే. అతని పాస్‌పోర్టులో ఉన్నది బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ. "అసలు రోజు అమ్మకే తెలుసురా, తిథి చెబుతుంది" అనేవాడు. ఉత్తరం రాసి కనుక్కోమని మాలో ఒక్కరమూ అనలేదు. మూడేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి, అతనికి ఒక్క పుట్టినరోజూ చేయలేదు. 2023లో నా షష్టిపూర్తికి ఫోన్ చేశాడు. అప్పుడు అడిగాను, నీదెప్పుడని. "అమ్మ పోయి చాలా కాలమైంది, ఇంక చెప్పేవాళ్ళు లేరు" అన్నాడు.

మీ గదిలోనూ అలాంటివాడు ఒకడు ఉంటాడు. ఈ రాత్రే అడగండి. తెలియదంటే, వాళ్ళ అమ్మకు ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టండి.