డాలస్‌లోని వంశీకి పిన్ని ఉత్తరం

హ్యూస్టన్

చిరంజీవి వంశీకి,

నువ్వు పంపిన ఫొటోలో, నీ రెండు ఫెర్రెట్ పిల్లలు చేతి మీద పెట్టిన గాట్లు చూశాను. ‘ఇవి కోపిష్టివి పిన్నీ, తిరిగి ఇచ్చేయనా?’ అన్నావు. అప్పుడే వద్దురా.

ఫెర్రెట్ పిల్ల పగతో కొరకదు. వాటి మెడ మీద తోలు బాగా దళసరి. తల్లి నోట కరిచి ఈడ్చినా, తోబుట్టువు కొరికి దొర్లించినా పెద్దగా నొప్పి పుట్టదు. మన తోలు అలాంటిది కాదని వాటికి నువ్వే నేర్పాలి. కొరికితే చెయ్యి విసురుగా లాక్కోకు. పారిపోయేదాన్ని తరమడం వాటి పుట్టుబుద్ధి. మెడ వెనక వదులు తోలు పట్టుకుని, రెండో చెయ్యి నడుము కింద ఆసరాగా పెట్టి ఎత్తు. చాలావరకు ఆవులించి మెత్తబడిపోతాయి. ‘వద్దు’ అని ఒక్క మాట చెప్పి, రెండు మూడు నిమిషాలు విడిగా ఉంచు, చాలు. ముక్కు మీద కొట్టమని ఎవరైనా చెబితే వినకు. మచ్చిక కావలసింది ఆ చేతికే కదా!

అసలు వాటిని ఎప్పుడు ఎత్తుకుంటున్నావు? ఆఫీసు నుంచి రాగానే బోను తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటే ఎలా కుదురుతుంది? రోజులో 14 గంటలకు పైగా పడుకునే ప్రాణి. సత్తువంతా మెలకువగా ఉన్న ఆ కాస్త వేళలోనే ఖర్చుపెట్టాలి. పొద్దునా సాయంత్రమూ కలిపి 3, 4 గంటలైనా బయట తిరగనివ్వు. దూరడానికి గొట్టాలు, అట్టపెట్టెలు, తవ్వుకోవడానికి ఒక తొట్టిలో బియ్యం పెట్టు. (బియ్యం సంగతి మీ అమ్మకు చెప్పనులే.) వీపు వంచి, తోక ఉబ్బించి, పక్కకి గెంతుతూ ‘డుక్ డుక్’మంటే జడుసుకోకు, అది సంతోషం. అలిసిపోయి కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఎత్తుకో, చొక్కాలో దూరి నిద్రపోతుంది. ఆ వేళలోనే నీ వాసన అలవాటవ్వాలి. గోళ్లు తీయాలంటే పొట్ట మీద చుక్క సాల్మన్ నూనె వెయ్యి. అది నాక్కునే లోపు నీ పని అయిపోతుంది.

మీ హాల్లో రిక్లైనర్ ఉంది చూడు, ముందు దాన్ని బయటికి పంపెయ్. దాని మడతల్లో నలిగి పోయిన ఫెర్రెట్లు కొల్లలు. తల పట్టిన సందులో ఒళ్లంతా పడుతుంది వాటికి. మాసిన బట్టల్లో పడుకుంటాయి కాబట్టి వాషింగ్ మెషీన్ వేసే ముందు చెయ్యి పెట్టి చూసుకో. రిమోట్ బటన్లు, చెప్పుల అడుగులు, ఇయర్‌ఫోన్ల తొడుగులు, రబ్బరన్నది ఏది దొరికినా నమిలి మింగేస్తాయి. పేగులో అడ్డుపడితే ఆపరేషనే గతి. తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే తెల్లారేదాకా ఆగకు.

తిండి మాంసమే. పెరుగన్నం, అరటిపండు, ద్రాక్ష ముద్దుకైనా పెట్టొద్దు. తిన్నది 3, 4 గంటల్లో బయటికొచ్చేస్తుంది గనక గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. లేవగానే మూల వెతుక్కుని వెనక్కి నడుస్తాయి కాబట్టి, లిట్టర్ డబ్బాలో కూర్చోబెట్టి, పనయ్యాకే ఆటకు వదులు. అందులో గడ్డకట్టే మట్టి కాదు, కాగితం గుళికలు పొయ్యి.

డిస్టెంపర్ జబ్బు సోకితే దాదాపు బతకవు. ఆ టీకా, రేబిస్ టీకా తప్పనిసరి. వేయించాక అరగంట క్లినిక్‌లోనే కూర్చో; కొన్నిటికి పడదు. నీకు ఫ్లూ వస్తే వాటికీ అంటుకుంటుంది. 1933లో లండన్‌లో మనిషి ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది కూడా ఫెర్రెట్ల వల్లే. కాబట్టి జ్వరమొస్తే ముద్దులు మానెయ్. ఇక మన టెక్సస్ ఎండ సంగతి తెలుసుగా, 27 డిగ్రీలు దాటితే వాటికి వడదెబ్బ భయం. నువ్వు ఇంట్లో లేకపోయినా ఏసీ కట్టెయ్యకు.

శాన్‌హోసే ఉద్యోగం మాట ఎత్తావు. ఆ ఊరున్న కాలిఫోర్నియాలో వీటిని పెంచడం నిషేధం. ఆ ఆఫర్‌కు ఊ అనే ముందు ఆలోచించుకో. ఇవి ఆరేడేళ్లు బతుకుతాయి.

డిసెంబరులో ఇండియా వెళ్లేటప్పుడు రెండింటినీ నా దగ్గర దింపి వెళ్లు. అవి తినే తిండి సంచీ కూడా తీసుకురా, కొత్త తిండి ఒక పట్టాన ముట్టవు.

ఆశీస్సులతో
పిన్ని