బాబాయి మజ్జిగ డ్రమ్ముకి కారని కొళాయి

మెకానికల్ వాళ్ళు మన పత్రికకి ఏమీ రాయరని ఒక అపవాదు ఉంది. అపవాదు అంటున్నా గానీ, నిజమే. ఈసారి ఎడిటర్ నేరుగా మా రూముకే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "నాకు కవిత్వం రాదురా" అంటే "నీకు వచ్చిందే రాయరా" అన్నాడు. నాకు వచ్చింది కొళాయి ఒక్కటే. అదీ మొన్న ఎండాకాలం సెలవుల్లో, మా బాబాయి చేత నాలుగు మాటలు పడి మరీ నేర్చుకున్నది.

మా బాబాయికి బస్టాండు ఎదురుగా మజ్జిగ బండి ఉంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర దంచి కలిపిన మజ్జిగ. 20 లీటర్ల స్టీలు డ్రమ్ము, దాని అడుగున ఒక ఇత్తడి కొళాయి. (తెలంగాణ మిత్రులు 'నల్లా' అని చదువుకోండి.) ఆ కొళాయి కింద ఎప్పుడూ ఒక సత్తు గిన్నె ఉండేది. ఎందుకంటే కట్టేసినా అది కారుతూనే ఉండేది. గిన్నెలో పడ్డ మజ్జిగని మా పిన్ని మళ్ళీ డ్రమ్ములో పోయనిచ్చేది కాదు. "రోడ్డు దుమ్ము పడింది, ఈగలు వాలినయ్. అది జనానికి పోస్తామా?" అని సాయంత్రం కాలవలో పారబోసేది.

"బీటెక్ మూడో ఏడు కదరా, ఈ కారడం ఆపలేవా?" అన్నాడు బాబాయి ఒకరోజు. సరదాగానే అన్నాడు. కానీ పక్కన నలుగురు గ్లాసులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు.

గంటకో గ్లాసు

ముందు నష్టం ఎంతో చూద్దామనుకున్నా. సెకనుకి దాదాపు ఒక చుక్క పడుతోంది. ఆసుపత్రిలో వాడే మామూలు సెలైన్ సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. మజ్జిగ చుక్క కూడా అంతే అనుకుంటే గంటకి 3,600 చుక్కలు, అంటే 180 మి.లీ. అది సరిగ్గా బాబాయి అమ్మే గ్లాసు. నమ్మకం కుదరక గంటసేపు గిన్నెలో పట్టి కొలిచాను. గ్లాసుకి కాస్త తక్కువ వచ్చింది, అంతే తేడా.

రోజుకి 8 గంటలు, గ్లాసు 15 రూపాయలు. అంటే రోజుకి 120 రూపాయలు. మూడు నెలల సీజనుకి 10,800. "అది మన చిన్నదాని కాలేజీ బస్సు ఫీజు" అంది పిన్ని. ఆ మాట విన్నాక ఇది టైంపాస్ పని కాదని అర్థమైంది.

కారేది ఎక్కడ?

'కొళాయి కారుతోంది' అని మనం ఒకే మాట అనేస్తాం. జ్వరం అన్నట్టు. నిజానికి అది నాలుగు రకాలు, నాలుగింటికీ మందులు వేరు.

ఒకటి, డ్రమ్ముకీ కొళాయికీ మధ్య అతుకు. ఇక్కడ ఆపేది మర కాదు, వాషరు. బాబాయి ఈ మరకి తెల్ల టేపు పొరలు పొరలుగా చుట్టాడు. డ్రమ్ము రంధ్రంలోంచి దూర్చి నట్టుతో బిగించే తిన్నని మరకి ఆ టేపు వల్ల పెద్ద ఉపయోగం లేదు. పైగా డ్రమ్ము గోడ గుండ్రం, వాషరు బల్లపరుపు. రెండింటికీ మధ్య సందు మిగులుతుంది. అక్కడ మెత్తని, మందమైన సిలికాన్ వాషరు పడాలి.

రెండు, పిడి తిరిగే చోటు, అంటే స్టెమ్. మూడు, అసలు ద్రవాన్ని ఆపే చోటు, అంటే సీటు. నాలుగోది లీకే కాదు. కట్టేశాక మూతి గొట్టంలో మిగిలిపోయిన ద్రవం గోడలకి అంటుకుని నెమ్మదిగా జారడం.

ఎక్కడో కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. కొళాయిని శుభ్రంగా తుడిచి, ఆ నాలుగు చోట్లా పొడి టిష్యూ పేపరు ముక్కలు చుట్టి, పది నిమిషాలు ఆగితే చాలు. ఏ ముక్క ముందు తడిస్తే దొంగ అక్కడ. బాబాయి కొళాయికి అతుకు కాస్త, సీటు బాగా తడిశాయి.

బిగించే కొద్దీ కారే కొళాయి

పాత కొళాయి విప్పి చూశా. లోపల శంకువు ఆకారంలో ఒక ఇత్తడి బిరడా, దానికి అడ్డంగా ఒక రంధ్రం. పావు చుట్టు తిప్పితే రంధ్రం దారికి ఎదురొస్తుంది, మజ్జిగ వస్తుంది. మళ్ళీ తిప్పితే రంధ్రం పక్కకి పోతుంది. ఇక్కడ లోహానికి లోహమే అడ్డు, మధ్యలో మెత్తనిది ఏమీ లేదు. కొత్తలో రెండూ సరిగ్గా అతుక్కుని ఉంటాయి. వాడే కొద్దీ అరుగుతాయి. కారుతోందని కింద నట్టు బిగిస్తాం. బిగిస్తే రాపిడి పెరుగుతుంది, ఇంకా అరుగుతుంది. ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తాం. బాబాయి రెండేళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఇంకో సంగతి నేను కాదు, మా నాయనమ్మ పట్టుకుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే లోపల కళాయి పూత ఉండాలని పాతకాలం వాళ్ళందరికీ తెలుసు. పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి కరిగి దిగుతుంది. మజ్జిగ కూడా పులుపే. "గిన్నెకి కళాయి పూయిస్తాం, మరి ఈ కొళాయికి కళాయి ఏదిరా?" అంది. దాంతో బాడీ స్టెయిన్‌లెస్ స్టీలు, మెత్తటి భాగం ఫుడ్ గ్రేడ్ సిలికాన్ అని తేలిపోయింది. మామూలు రబ్బరు వెన్నకి ఉబ్బుతుంది, అందుకని వద్దనుకున్నా.

మొదటి ప్రయత్నం: రైలు కొళాయి

రైలు పెట్టెలో చేతులు కడుక్కునే కొళాయి గుర్తుందా? కింద ఉన్న పుల్లని పైకి నొక్కితే నీళ్ళొస్తాయి, వదిలితే ఆగిపోతాయి. అందులో తెలివి ఏంటంటే, మూత నీటి వైపున ఉంటుంది. నీటి బరువే దాన్ని సీటు మీదకి అదిమిపెడుతుంది. ఆపాల్సిన శత్రువే మనకి కాపలా కాస్తుందన్నమాట.

ఆ బలం ఎంతో లెక్క కడదాం. డ్రమ్ములో మజ్జిగ ఎత్తు 40 సెం.మీ. సాంద్రత నీళ్ళంతే అనుకుంటే అడుగున పీడనం 1000 × 9.81 × 0.4, అంటే సుమారు 3,900 పాస్కల్. సీటు రంధ్రం 12 మి.మీ. అయితే వైశాల్యం 113 చదరపు మి.మీ. రెండూ గుణిస్తే 0.44 న్యూటన్, అంటే 45 గ్రాముల బరువు. ఇంతే! బాబాయి పానా పెట్టి బిగించింది 45 గ్రాములని ఆపడానికి. కారడం బలం చాలక కాదు, బలం సరైన చోట పడక.

రైలు కొళాయి పద్ధతిలోనే ఒకటి తయారుచేశా. కొలతలు సరిచూసుకోడానికి మాత్రం ముందు త్రీడీ ప్రింటు తీశా. (ప్రింటు పొరల మధ్య గాళ్ళలో మజ్జిగ ఇరుక్కుని పులుస్తుంది. తాగేవాటికి అది వద్దు.) తర్వాత స్టీలుది లేత్ మీద చేయించా. నీళ్ళు పోసి చూస్తే ఒక్క చుక్క కారలేదు. గర్వంగా బండికి బిగించా.

గంటలో రెండు రకాలుగా పరువు పోయింది.

మొదటిది కరివేపాకు. సీటుకీ మూతకీ మధ్య ఒక చిన్న ఆకు ముక్క పడింది. పడితే ఇక అక్కడ ఆకు మందమంత సందే. 45 గ్రాముల బలం దాన్ని నలపలేదు, చుక్కలు కాదు, సన్నటి ధారే మొదలైంది. రెండోది పిన్ని చూసింది. ఒకాయన తాగిన గ్లాసుతోనే ఇంకోసారి పట్టుకోవడానికి ఆ గ్లాసు అంచుతో పుల్లని నొక్కాడు. ఆ పుల్ల మీదుగానే కదా మజ్జిగ కారేది! "ఎంగిలి గ్లాసు తగిలింది, తీసెయ్ రా ఇది" అంది పిన్ని. ఏ డిజైన్ పుస్తకంలోనూ నాకు 'ఎంగిలి' అనే షరతు కనపడలేదు. కానీ ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే, చెయ్యి తగిలే భాగం, ద్రవం తగిలే భాగం వేరువేరుగా ఉండాలి. పిన్ని ఒక్క మాటలో చెప్పేసింది.

రెండో ప్రయత్నం: మీట పైన, మజ్జిగ కింద

దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన (సినిమా హీరో కాదు, అదే ఆయన పేరు) ఒక యంత్రం గురించి రాశాడు. నాణెం వేస్తే గుడిలో పవిత్రజలం పోసే పెట్టె. నాణెం ఒక మీట చివర పడి దాన్ని వంచుతుంది, రెండో చివర బిరడాని పైకి ఎత్తుతుంది. నాణెం జారిపోగానే బిరడా దిగి మూసుకుంటుంది. తాగే మనిషి ముట్టుకునేది నీటి దారిని కాదు. నాకు కావలసింది అదే.

టీ కౌంటర్ల దగ్గర కనిపించే మీట కొళాయి కూడా ఆ జాతిదే. లోపల ఒక చిన్న సిలికాన్ టోపీ ఉంటుంది. టోపీ లోపల పొడిగా ఉన్న చోట కడ్డీ, స్ప్రింగు. బయట మజ్జిగ. టోపీ పైఅంచు బాడీకీ మూతకీ మధ్య నొక్కుకుని ఉంటుంది కాబట్టి స్టెమ్ దగ్గర లీకు అనే మాటే లేదు. మీట వంచితే టోపీ లేస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని సీటు మీదకి నొక్కుతుంది.

కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఒప్పుకుంటున్నా. మార్చినవి నాలుగే.

మొదటిది, టోపీ వెడల్పు. ఈ రకంలో ద్రవం టోపీని పైకి నెడుతుంది, అంటే తెరవడానికి చూస్తుంది. టోపీ పైన 25 మి.మీ., సీటు 12 మి.మీ. అయితే మధ్య తేడా వైశాల్యం మీద పడే బలం దాదాపు 150 గ్రాములు. పైన 18 మి.మీ.కి తగ్గిస్తే 57 గ్రాములే. స్ప్రింగుకి ఆ మేరకు పని తగ్గింది.

రెండోది, పెదవి. టోపీ అడుగు బల్లపరుపుగా 3 మి.మీ. వెడల్పుతో సీటుని తాకేది. దాన్ని 1 మి.మీ. సన్నని పెదవిగా మార్చా. స్ప్రింగు అదే, తాకే చోటు మూడో వంతు, కాబట్టి ఒత్తిడి మూడు రెట్లు. మడమ సన్నగా ఉన్న చెప్పుతో కాలు తొక్కితే ఎలా ఉంటుందో తొక్కించుకున్నవాళ్ళకి తెలుసు, అదే సూత్రం. సిలికాన్ సీటు మీది సన్నని గీతల్లోకి కూడా దిగి మూస్తుంది. మరీ కత్తి అంచులా చేస్తే మాత్రం తెగిపోతుంది.

మూడోది, డ్రమ్ము లోపల కొళాయి ముందర ఒక స్టీలు జల్లెడ టోపీ. కరివేపాకు అక్కడే ఆగాలి. గుండు సూది రంధ్రాలైతే అల్లం పీచుతో మూసుకుపోయి ధార సన్నబడుతుంది. కాబట్టి రంధ్రాలు 1 మి.మీ., జల్లెడ విస్తీర్ణం మాత్రం ఎక్కువ.

నాలుగోది, మూతి. 10 మి.మీ. లోపలి వ్యాసం, 60 మి.మీ. పొడవున్న గొట్టంలో 4.7 మి.లీ. పడుతుంది. దాన్ని 20 మి.మీ.కి కోస్తే 1.6 మి.లీ.నే. చివర ఏటవాలుగా కోశా. మిగిలిన తడి అంతా ఒక కొసకి చేరి, వెంటనే పడిపోతుంది.

ఇంతా చేసి పైమూత మాత్రం పానా లేకుండా చేత్తోనే విప్పేలా పెట్టా. ఎందుకో కింద చెప్తా.

రెండు వారాల తర్వాత

బిగించిన రోజు టిష్యూ పరీక్షలో నాలుగు ముక్కలూ పొడిగా ఉన్నాయి. బాబాయి ఏమీ అనలేదు. బాబాయి ఏమీ అనకపోవడమంటే మెచ్చుకున్నట్టే.

రెండు వారాలకి నేను కాలేజీకి వచ్చేశాక ఫోన్ చేశాడు. "మళ్ళీ కారుతోందిరా నీ కొళాయి." గుండె జారింది. "బాబాయ్, బిగించకు! మూత విప్పి, టోపీ తీసి, వేడినీళ్ళతో కడిగి పెట్టి చూడు" అన్నా. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్. "వెంట్రుకంత అల్లం పీచురా. ఆగిపోయింది."

పాత కొళాయి అయితే ఆ పీచు మీదే బిగించేవాడు. అప్పుడు పీచు అలాగే ఉండేది, సీటు పాడయ్యేది. జల్లెడ ఎంత మంచిదైనా ఎప్పుడో ఒక పీచు దూరుతుంది. అందుకే ఎప్పటికీ కారని కొళాయి చేయాలనుకోవడం కంటే, కారినప్పుడు ఒక్క నిమిషంలో విప్పి కడుక్కోగలిగేది చేయడం మేలు. ఇప్పుడు రోజూ రాత్రి పిన్ని విప్పి కడుగుతుంది, టోపీని విడిగా ఆరబెడుతుంది. దానివల్ల ఇంకో లాభం ఉంది. సిలికాన్‌ని ఎప్పుడూ నొక్కి ఉంచితే కొన్నాళ్ళకి అది ఆ నొక్కుడు ఆకారంలోనే ఉండిపోతుంది, తిరిగి పొంగదు. రాత్రి పూట విశ్రాంతి ఇస్తే ఎక్కువ కాలం మన్నుతుంది. మనలాగే.

మన హాస్టల్ కూలర్ కొళాయి కూడా కారుతోంది, అందరికీ తెలుసు. ఈసారి పక్కనుంచి వెళ్ళేటప్పుడు గట్టిగా తిప్పి పోకండి. నాలుగు టిష్యూ ముక్కలు పెట్టి చూడండి. సీటే అయితే నన్ను పిలవండి, విప్పుదాం.

అన్నట్టు, ఆ సత్తు గిన్నె. కొళాయి మార్చాక కూడా వారం రోజులు పిన్ని దాన్ని కిందే ఉంచింది, నా మీద అంత నమ్మకం. ఇప్పుడు అందులో కరివేపాకు కడుగుతోంది.