కొండ గ్రామముల రాతిదిమ్మె యిండ్లు – విత్తనపు భద్రత



విత్తనము చెడుట తరచు పొలములో కాదు, యింటిలోనే జరుగుచున్నది. అరకులోయ చుట్టుపట్ల పెద్దలు కట్టిన పాత యిండ్లను పరిశీలించినచో దీనికి తగిన జాగ్రత్త తెలియగలదు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. వానకాలములో ముసురు, మంచు విడువవు. కనుక పాత యింటిలో ప్రతి భాగమును తేమను అడ్డుకొనుటకే యేర్పడినది.

1. రాతిదిమ్మె: కొండరాళ్లను అడుసుతో పేర్చి, దానిపై మట్టిగోడ లేపెదరు. ఈ కొండలలో విరివిగా దొరకు రాతికి 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు ఖోండు జాతివారి పేరుమీద 'ఖోండలైటు' అని పేరు పెట్టెను. దీపపువత్తిలో నూనె ఎక్కినట్లు, నేలలోని చెమ్మ మట్టిలో పైకెక్కును. నడుమ రాయి యున్నచో ఆ ఎక్కుట తగ్గును.

2. దిగువ చూరు, అరుగు: చూరు బాగుగా ముందునకు వచ్చుటచే వానజల్లు మట్టిగోడకు తగులదు. అరుగుమీద ముసురులో సయితము ధాన్యము నూర్చుకొనవచ్చును, ఆరబెట్టుకొనవచ్చును.

3. అటక: పొయ్యికి పైన కర్రలతో అటక కట్టి చోళ్లు, సామలు, మొక్కజొన్న కంకులు ఉంచెదరు. వెచ్చదనము తేమను లాగివేయును. పొగ పురుగును తరుమును.

నేడు పలుచోట్ల శ్లాబు యిండ్లు వచ్చినవి. నిప్పుభయము లేదు, ఏటేట గడ్డి కప్పు పని లేదు. ఇది మేలే. కాని వానిలో అటక లేదు. విత్తనపు బస్తా గచ్చుమీదికి దిగినది. గచ్చు చెమ్మను బస్తా పీల్చును, విత్తనము బూజుపట్టును, మొలక చచ్చును. వరి విత్తనమైన కొని తెచ్చుకొనవచ్చును. తాతలనాటి సామ, చోడి రకములు అంగడిలో దొరకవు. ఊరిలో ఆఖరి కుండ చెడినచో ఆ రకము పోయినట్లే.

అట్లని పొగను మరల యింటిలోనికి తేవలదు. వంటచేయు తల్లుల కండ్లకు, ఊపిరితిత్తులకు అది హాని. పొగ చేసిన పనిని వేరు విధముగా చేసుకొనవలెను:

(అ) విత్తనమును ఉదయపు, సాయంకాలపు ఎండలలో పలుమార్లు ఆరబెట్టవలెను. పంటికింద గింజ కటుక్కుమనవలెను. తేమ ధాన్యములో నూటికి 12, పప్పుగింజలలో 9 పాళ్లకు మించరాదు. తేమ ఒక పాలు తగ్గినచో విత్తనపు ఆయువు దాదాపు రెట్టింపగును.

(ఆ) చల్లారిన పిదప గాలి చొరని డబ్బాలో పోసి మూత బిగింపవలెను.

(ఇ) డబ్బాను గచ్చుమీద గాక, రాళ్లపై పరచిన బల్లమీద, గోడకు జానెడు దూరముగా నుంచవలెను. కొత్త యిల్లు కట్టువారు ఒక అటకను తప్పక యేర్పరచుకొనవలెను.

(ఈ) విత్తుటకు పక్షము రోజులు ముందు 100 గింజలను తడిగుడ్డలో చుట్టి మొలక చూడవలెను. వరిలో 80, చోడిలో 75కు తగ్గినచో ఆ విత్తనముపై ఆధారపడరాదు. వేరు విత్తనము చూచుకొనుటకు అప్పటికింకను వ్యవధి యుండును.

అరుదైన పాతరకము గలవారు పొరుగురైతుకు ఒక మానెడు ఇచ్చి యుంచవలెను. ఒక యింట చెడినను వేరొక యింట నిలుచును.