నోరులేని జీవాలు మన దగ్గరి అమానతులు

మన ఇళ్ళలో ఒక పిల్లి తిరుగుతూ ఉంటుంది. పెరట్లో నాలుగు కోళ్ళు, ఒక మేక ఉంటాయి. వేళకు మేత వేసి, నీళ్ళు పెడితే మన బాధ్యత తీరిపోయిందని భావిస్తాం. వాటికీ భయం ఉంటుంది, విసుగు ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది అన్న సంగతి మనకు తట్టదు. నేల మీద సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ (6:38) తెలియజేస్తోంది. సముదాయం అన్నాక దానికంటూ ఒక బ్రతుకు తీరు ఉంటుంది. దానిని తెలుసుకోవడం పెంచేవారి విధి.

గోవాడలో మేము నేర్చుకున్న పాఠం

చోడవరం మండలంలోని గోవాడ (పూర్వం విశాఖపట్నం జిల్లా, 2022 నుండి అనకాపల్లి జిల్లా) చక్కెర ఫ్యాక్టరీతో పేరుపొందిన ఊరు. కొన్నేళ్ళ క్రితం చెరకు నరికే రోజుల్లో అక్కడి మా బంధువుల ఇంటి పిల్లికి రేబీస్ టీకా వేయించాలని చోడవరం బయలుదేరాం. ఉద్దేశం మంచిదే. కాని దానిని ఒడిసిపట్టి, గోనెసంచిలో వేసి, మూతి కట్టి మోటారు సైకిలు మీద పెట్టుకున్నాం. దారిలో చెరకు ట్రాక్టరు హారన్ మోగగానే అది సంచిలో గింజుకుంది. ముడి వదులైంది. పట్టుకోబోయిన చేతిని కొరికి, చెరకు తోటలో పడి మాయమైంది.

కరిచిన చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించాం. ఇంట్లో చిన్నపాప మాత్రం మూడు రాత్రులు గడప దగ్గర అన్నం గిన్నె పెట్టి కూర్చుంది. “నిన్ను సంచిలో వేసి మూతి కడితే నువ్వు ఊరుకుంటావా, బేటా?” అని నానీ అడిగిన మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. నాలుగో రోజు ఫజ్ర్ నమాజు వేళకు పిల్లి తిరిగివచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్! తప్పు మాత్రం మాదే.

కట్టేసినవారిదే పూచీ

ఒక పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, బయట తిరిగి తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆమె పిల్లిని కొట్టినట్లు ఆ హదీసులో లేదు. బంధించింది, ఆ పైన దాని అవసరాలు తీర్చలేదు. కాబట్టి ఒక ప్రాణిని కట్టేసినా, గదిలో మూసినా, బయట అది తనంత తానుగా పొందేదంతా అందించే పూచీ మన మీద పడుతుంది. అందులో తిండీ ఉంది, కదలికా ఉంది, కాలక్షేపమూ ఉంది.

దీనికి ఖర్చు ఏమీ అక్కరలేదు. పిల్లికి గోళ్ళు గీరుకోవడం సహజం. గుంజకు గోనెపట్టా చుట్టి కడితే మంచాలు, పరుపులు బాగుపడతాయి. రోజుకు రెండుసార్లు పది నిమిషాల పాటు తాడు ముక్కను కదిలిస్తూ ఆడిస్తే దాని వేట సరదా తీరుతుంది. భయం వేస్తే ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన అటక ఒకటి చాలు. కోళ్ళకు ఒక మూల పొడిమట్టి పోస్తే అందులో పొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటాయి. మేక తల ఎత్తి ఆకు తెంపుకొని తినే జంతువు. కొమ్మలను దాని తలకు కాస్త ఎత్తున కట్టాలి, ఎక్కి దిగడానికి ఒక అరుగు చూపాలి. మేక మందలో బ్రతికేది కనుక ఒంటరిగా కట్టేస్తే బెంగపడి అరుస్తుంది. మరొక మేక తోడుంటే కుదురుగా ఉంటుంది.

రామచిలుకను పంజరంలో పెట్టడం మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఒక ప్రయాణంలో సహచరులు పక్షిపిల్లలను తీసుకోగా తల్లిపక్షి తల్లడిల్లడం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి మనం మరువరాదు. అలాగే, వేటకో కాపలాకో మందకో తప్ప కుక్కను పెంచరాదని మనకు తెలుసు. అంతమాత్రాన వీధికుక్క మీద రాయి విసిరే హక్కు మనకు లేదు. దాహంతో ఉన్న కుక్కకు నీరు తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు కూడా మనకు తెలిసినదే కదా!

ముందు ఓదార్పు, తరువాతే విచారణ

మహాప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగి కన్నీరు కార్చింది. ఆయన దగ్గరకు వెళ్ళి చెవుల వెనుక నిమిరారు. అది శాంతించింది. ఆ తరువాతే యజమాని ఎవరని విచారించి, దానిని ఆకలితో ఉంచి అతిగా పని చేయిస్తున్నందుకు మందలించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటనలోని వరుసను గమనించండి. మొదట ఓదార్పు, తరువాత విచారణ.

పశువుల ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇదే వరుస పాటించాలి. మేము రెండోసారి మూత ఉన్న వెదురుబుట్ట తెచ్చాం. పక్షం రోజులు మూత తీసి ఇంట్లోనే ఉంచాం. లోపల పాప పాత ఓణీ పరిచి, అందులోనే చేపముక్క పెట్టాం. పిల్లి తనంత తానే అందులో పడుకోవడం మొదలుపెట్టింది. బయలుదేరిన రోజు బుట్ట మీద పలచని గుడ్డ కప్పాం. ఆసుపత్రిలో కుక్కలకు దూరంగా, బుట్టను నేల మీద కాక ఒడిలో పెట్టుకొని కూర్చున్నాం. గొంతు తగ్గించి మాట్లాడాం. సూది పడింది. పిల్లి మాతోపాటే ఇల్లు చేరింది.

దీపావళి టపాసుల రాత్రి కూడా అంతే. చీకటి పడకముందే జంతువులను లోపలికి తెచ్చి, కిటికీలు మూసి, దాక్కునే చోటు చూపాలి. దాక్కున్నదానిని బయటకు లాగరాదు.

మందుల విషయంలో జాగ్రత్త

పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. మేక ఒళ్ళు 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండడం మామూలే. చేతికి వేడి తగిలిందని మన మాత్రలు మింగించరాదు. ఎప్పటి నుండి మేత మానింది, నెమరు వేస్తోందా, పేడ ఎలా ఉంది అన్నవి గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పాలి. కదల్చలేని స్థితి ఉంటే 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ పశువుల అంబులెన్సు సేవ మన రాష్ట్రంలో 2022లో ప్రారంభమైంది.

బక్రీద్ మేకను తెచ్చాక ముద్దుచేసి అన్నం, గోధుమలు విపరీతంగా పెట్టేవారున్నారు. అలవాటులేని గింజ ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి మేక చనిపోవచ్చు. అలవాటైన ఆకు, గడ్డి పెడితే చాలు. పిల్లలను దాని మీద ఎక్కనివ్వరాదు. దాని కళ్ళెదుట కత్తి పదును పెట్టడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అంటే చివరి ఘడియలో కూడా దానిని భయపెట్టే అధికారం మనకు లేదన్నమాట.

ఈ నెల ఆచరణ కోసం

1. ఇంటిల్లిపాదీ కూర్చొని, మన జంతువు దేనికి భయపడుతోందో ఒక్కొక్కరు చెప్పండి.
2. దానికి దాక్కునే చోటు ఒకటి, ఆడుకునే సాధనం ఒకటి ఏర్పాటు చేయండి.
3. ప్రయాణపు బుట్టను అవసరం రాకముందే అలవాటు చేయండి.
4. టీకా వేయించిన తేదీని గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.

మన పిల్లలు దయను పుస్తకాల్లో చదివి నేర్చుకోరు, పెరట్లో మనం మేకను పట్టుకునే తీరు చూసి నేర్చుకుంటారు. నోరులేని జీవాల విషయంలో రేపు మనల్ని ప్రశ్నించినప్పుడు తలదించుకోనవసరం లేని విధంగా నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.