నీళ్ళ దారి చూడకుండా మోటారు మార్చకు



పళ్ళేల మీద పప్పు అట్టకట్టి అలాగే బయటికొస్తోందనీ, డిష్ వాషర్ అడుగున నీళ్ళు నిలిచిపోతున్నాయనీ ఫోన్లో చెప్పావు. వచ్చిన మెకానిక్ లోపల చెయ్యి కూడా పెట్టకుండా మోటారు పోయిందన్నాడట. అతనికి సరే అనకముందు ఒక ఆదివారం పొద్దున నువ్వే చూసుకో, అల్లుడూ.

ఆ మిషన్లో రుద్దే చేతులు లేవు. 1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ పేటెంటు తీసుకున్న యంత్రం దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా మురికి ఊడగొట్టేది ముఖ్యంగా నీళ్ళ దూకుడే. కాబట్టి దాని రోగం చాలాసార్లు నీళ్ళ దారిలోనే ఉంటుంది. నీళ్ళు వచ్చే దారి, లోపల తిరిగే దారి, బయటికి పోయే దారి. ఈ మూడూ చూశాకే మోటారు సంగతి.

మీ ఇంట్లో నీళ్ళు నిలుస్తున్నాయి గనుక పోయే దారితో మొదలుపెట్టు. ప్లగ్గు పీకి, కుళాయి కట్టెయ్. కింది ట్రే బయటికి లాగితే అడుగున గుండ్రటి ఫిల్టరు కనిపిస్తుంది. ఎడమకి తిప్పితే చేతికొస్తుంది. మన వంటలకి అందులో ఏం చేరుతుందో చూస్తే నీకే తెలుస్తుంది. తాలింపు ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, అన్నం మెతుకులు, అన్నీ కలిసి పసుప్పచ్చటి జిగురు. పాత టూత్ బ్రష్షుతో కడిగి పక్కన పెట్టు. ఫిల్టరు గుంటలో నీళ్ళు స్పాంజితో తోడి, టార్చి వేసి చూడు. గాజు పెంకులుండొచ్చు, వేళ్ళు పెట్టకు, చెంచాతో తియ్యి. నీళ్ళు బయటికి తోడే పంపు రెక్కకి ఒక నిమ్మగింజ అడ్డుపడ్డా నీళ్ళు కదలవు.

తర్వాత డ్రెయిన్ పైపు. మిషన్ని గోడకి నెట్టినప్పుడు ఎక్కడైనా మడతపడిందేమో చూడు. సింకు కింద పైపు కొస ఊడదీసి బకెట్లో పెట్టు. ఫిల్టరు బిగించి, ప్లగ్గు పెట్టి, లోపల రెండు చెంబుల నీళ్ళు పోసి తలుపు వెయ్యి. ప్రోగ్రాము రద్దు చేస్తే చాలా మిషన్లు ఉన్న నీళ్ళు తోడేస్తాయి. ఏ బటన్ నొక్కాలో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బకెట్లోకి ధార బలంగా పడితే పంపుకి ఏ జబ్బూ లేదు, అడ్డం సింకు గొట్టంలో ఉంది. పంపు గుర్రుమంటున్నా నీళ్ళు రాకపోతే ఏదో ఇరుక్కుంది. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు మెకానిక్ మాట ఆలోచించాల్సిందే.

ఇక తిరిగే దారి. స్ప్రే రెక్కల్ని వేలితో తిప్పి చూడు. పొడుగాటి గరిటె కాడో, పెద్ద పళ్ళెమో తగిలితే అవి ఆగిపోతాయి, పప్పు అలాగే ఉండిపోతుంది. వాటి చిల్లుల్లో ఇరుక్కున్న ఆవగింజల్ని పంటిపుల్లతో తీసెయ్. గిన్నెల్ని ముందే తోమి పెట్టే పని లేదు, ఎంగిలి దులిపి పెడితే చాలు. మిగిలిన గంజీ జిడ్డూ డిటర్జెంటు చూసుకుంటుంది. మామూలు గిన్నెల సబ్బు మాత్రం పొయ్యకు, నురగ పొంగి కిందికి కారుతుంది.

వచ్చే దారి మీకు ముఖ్యం. మీది పై అంతస్తు, ట్యాంకు మీ నెత్తి మీదే. నీళ్ళు 10 మీటర్ల ఎత్తునుంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మీకు 3 మీటర్లుంటే 0.3 బార్. చాలా మిషన్లకి కనీసం అంతైనా కావాలి. దానికితోడు ట్యాంకర్ల ఇసుక ఇన్‌లెట్ పైపు జల్లెడకి పట్టిందంటే ఆ కాస్తా ఆగిపోతుంది. పైపు విప్పి కడుగు.

గ్లాసుల మీద తెల్లమరకలు నీళ్ళ గొడవే. తాగునీటి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. హైదరాబాదు బోరు నీళ్ళు చాలాచోట్ల ఆ 200ని ఎప్పుడో దాటేశాయి. మరక మీద నిమ్మరసం రాయి. పోతే అది సున్నం, పోకపోతే గాజే అరిగింది. సున్నమైతే మిషన్ లోపలున్న సాల్ట్ డబ్బా నింపు. వంటింటి ఉప్పు కాదు, డిష్ వాషర్ ఉప్పే పొయ్యాలి. వేసవిలో బోరు నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ ఎక్కువైనప్పుడు కాఠిన్యం సెట్టింగు పెంచుకో.

ఒక హద్దు గుర్తుంచుకో. కరెంటు ట్రిప్పయినా, కాలిన వాసనొచ్చినా, కింద నుంచి నీళ్ళు కారినా ప్లగ్గు పీకి వదిలెయ్. వారంటీ ఉన్నన్నాళ్ళూ స్క్రూ ముట్టుకోకు. మెకానిక్‌ని పిలిచేటప్పుడు మోడల్ నంబరు, తెర మీద పడ్డ కోడు, బకెట్ పరీక్షలో ఏమైందీ కాగితం మీద రాసి చేతికివ్వు. అయినా మోటారే మార్చాలంటే మార్పించు. కానీ బిల్లు రాయించుకో, పాత మోటారు నీ దగ్గరే వదిలి వెళ్ళమను.

అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య