కొనేవారెవరు? వాడేవారెవరు?

కామర్స్ పుస్తకాల్లో 'కొనుగోలుదారుడు', 'వినియోగదారుడు' అని రెండు మాటలుంటాయి. పరీక్షలో రెండు మార్కుల కోసం ఈ తేడాను బట్టీపట్టి మరచిపోతాం. పి.జి.లో స్మార్ట్‌ఫోన్ల పోటీ గురించి చదివాకే మాకు ఆ తేడా బరువు తెలిసింది.

కెనడాలోని వాటర్లూ నగరంలో 1984లో 'రీసెర్చ్ ఇన్ మోషన్' సంస్థ మొదలైంది. 1999లో అది బ్లాక్‌బెర్రీని తెచ్చింది. ఈ-మెయిల్ దానంతటదే చేతిలోని పరికరానికి చేరేది. తర్వాత వచ్చిన బ్లాక్‌బెర్రీ ఫోన్లను ఆఫీసు కంప్యూటర్ విభాగమే అదుపు చేసేది. ఫోను పోతే అందులోని సమాచారాన్ని దూరం నుంచే చెరిపేయవచ్చు. అందుకే భద్రత కోరే సంస్థలు వాటిని కొని ఉద్యోగులకు ఇచ్చాయి. కొన్నది ఆఫీసు, వాడింది ఉద్యోగి.

2007లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను మామూలు జనం కోసం తెచ్చింది. అక్షరాల మీటలు లేవు, దాదాపు అంతా తెరమీద వేలితోనే. మొదట ఆఫీసు మెయిల్‌కు సరైన సదుపాయం లేదు. 2008లో ఆ లోటు తీర్చి, యాప్ స్టోర్ కూడా తెరిచింది. అదే ఏడాది తొలి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. గూగుల్ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను అనేక కంపెనీలు వాడుకోవడంతో, రకరకాల ధరల్లో ఫోన్లు వచ్చాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఉద్యోగులు తమ సొంత ఫోన్లు తెచ్చి, "ఆఫీసు మెయిల్ ఇందులోనే రావాలి" అన్నారు. పై అధికారులూ అదే కోరితే కంప్యూటర్ విభాగం ఎంతకాలం కాదంటుంది? ఎంపిక చేసే హక్కు వాడేవాడి చేతికి వచ్చింది.

బ్లాక్‌బెర్రీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2008లోనే తాకే తెరతో 'స్టార్మ్' తెచ్చింది. 2013లో సాఫ్ట్‌వేర్‌నంతా మార్చింది. కానీ జనం ఎక్కడుంటే యాప్‌లు రాసేవారు అక్కడికే వెళ్తారు. యాప్‌లున్న చోటికే జనం వెళ్తారు. ఆ చక్రం అప్పటికే ఎదుటివారి వైపు తిరిగింది. 2016లో ఫోన్ల తయారీ మానుకుంటున్నట్లు ప్రకటించింది. 2022 జనవరి 4న దాని పాత ఫోన్లకు సేవలు ఆగిపోయాయి. సంస్థ మాత్రం సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో బతికే ఉంది.

ఈ పాఠం మనకెందుకు? మన హాస్టల్లో పెట్టె, దుప్పటి, కంచం కొనేది ప్రభుత్వం, వాడేది మనం. ఉద్యోగి తన సొంత ఫోను తెచ్చుకోగలిగాడు కాబట్టి అతని మాట చెల్లింది. వేరే దుప్పటి కొనుక్కోలేని పిల్లవాడికి నోటిమాట ఒక్కటే ఆధారం. కనుక అడగడం నేర్చుకుందాం. రేపు మనలో ఎవరైనా కొనుగోలు కాగితం మీద సంతకం చేసే కుర్చీలో కూర్చుంటే, వాడేవాడిని ముందు అడిగి, తర్వాతే సంతకం చేద్దాం.