రోగికి ఊరి సంఘము తోడు

సహకార సంఘమనగానే మనకు అప్పు, విత్తనము, ఎరువు స్ఫురించుట సహజము. ఒంటరియైన రైతు వర్తకుని ఎదుట నోరెత్తజాలడు. పదిమంది కలిసినచో తూకమును అడుగగలరు, ధరను అడుగగలరు. ఈ సూత్రమును మనమెల్లరము ఎరుగుదుము. కాని ఆ రైతే వైద్యశాల గడప త్రొక్కినప్పుడు మరల ఒంటరివాడగుచున్నాడు. తనకు వచ్చిన జబ్బు పేరేమో తెలియదు. వ్రాసియిచ్చిన మందు ఎందులకో తెలియదు. పరీక్షకు ఎంత సొమ్మగునో ముందుగా అడుగుటకు నోరు రాదు. ఇంటికి వచ్చి పొలమును తాకట్టు పెట్టును. వానలు లేక చెడిన రైతునకు ఊరు తోడుపడును. రోగమువలన చెడినవానిని చూచి “వాని కర్మ” మని ఊరకుండును. ఇట్లు ఊరకుండవలసిన పని లేదనుటయే ఈ నెల పాఠము.

రైతు సోదరులారా! పొలములో ప్రదర్శన చేయువారికి తెలిసిన సంగతి యొకటి కలదు. మేలైన విత్తనమును చేతబట్టుకొని పోయినంత మాత్రమున పని ముగియదు. ఆ చేను నల్లరేగడియా, ఎర్రచెలకయా, నీరు ఎన్ని తడులకు చాలును, ఇంట పనిచేయువారెందరు అని రైతును అడుగవలెను. విత్తనమును గూర్చి ప్రదర్శకునికి తెలియును. చేనును గూర్చి రైతునకు తెలియును. రెండు తెలివులును కలిసిననే పంట. వైద్యమును ఇట్టిదే. రోగమును గూర్చి వైద్యునకు తెలియును. తన దేహమును, ఇంటి తిండిని, పనిపాటలను, చేతిలోని సొమ్మును గూర్చి రోగికి తెలియును. “మూడుపూటల భోజనము తరువాత ఈ మాత్ర” అని వైద్యుడు చెప్పును. రెండుపూటలే తినువాడు తల యూచి వచ్చి, మూడవ మాత్రను మానును. వైద్యుడు అడుగలేదు, రోగి చెప్పలేదు, జబ్బు మాత్రము నిలిచిపోయినది. రోగిని అడిగి, అతనికి తెలియజెప్పి, అతని సమ్మతితో జరుగు వైద్యమే సరియైన వైద్యము.

ఇది సాధ్యమా యని సందేహించువారు జామ్‌ఖేడ్ సంగతి వినవలెను. అది మహారాష్ట్రమున నాటి అహ్మద్‌నగర్, నేటి అహిల్యానగర్ జిల్లాలోని కరవుసీమ. రజనీకాంత్ ఆరోళే, మేబెల్ ఆరోళే అను వైద్య దంపతులు 1970లో అచ్చట పని ప్రారంభించిరి. వారు వైద్యశాలలో కూర్చుండి రోగుల కొరకు ఎదురుచూడక గ్రామములకు పోయి, “మీకు ముందుగా కావలసినదేమి?” అని అడిగిరి. జనులు మందును కోరలేదు. నీటిని, తిండిని కోరిరి. పని అచ్చటనే మొదలైనది. రైతుల సంఘములు ఏర్పడినవి. నీటి వసతిని, చెట్ల పెంపకమును చూచుకొన్నవి. ఆ వెనుక మహిళా సంఘములు వచ్చినవి. ప్రతి గ్రామమువారును తమలోనుండి ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా ఎన్నుకొనిరి. వారిలో పెక్కురు అక్షరము రానివారు. అంటరానివారని ఊరు దూరముంచిన కులములవారును కలరు. వారు జామ్‌ఖేడ్ పోయి కాన్పు సంగతులు, బిడ్డల పోషణ, సామాన్య రోగముల చికిత్స నేర్చుకొని, నేర్చినదానిని ఊరికి పంచిపెట్టిరి. ఈ సేవకు ఆ దంపతులకు 1979లో రామన్ మెగసెసే బహుమానము లభించినది.

తెలివి ఇంటింటికి చేరిన ఫలమేమో ఒక్క ఉదాహరణము చాలును. విరేచనములు పట్టిన బిడ్డ తరచుగా ఒంటిలోని నీరు పోయి మరణించును. పొట్లపు మందు దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్నచెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి, కొద్దికొద్దిగా త్రాగించుచు వైద్యశాలకు తీసికొనిపోవలెను. ఇది తెలిసిన తల్లి ఒడిలో బిడ్డ దక్కును. తెలియని తల్లి బండి కొరకు ఎదురుచూచుచుండగనే కాలము మించును.

మనకును సాధనములు లేకపోలేదు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద గ్రామమునకొక ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ యుండవలెనని నిర్ణయమైనది. ఆశా కార్యకర్త అందు సభ్యురాలు. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రోగుల హక్కుల పత్రమును సిద్ధపరచెను. జబ్బును గూర్చియు, ఖర్చును గూర్చియు తెలిసికొనుట, మరియొక వైద్యుని అభిప్రాయము పొందుట, రోగవిషయము గుప్తముగా నుండుట మొదలైనవి అందు గలవు. ఇక 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారము, వైద్యశాలలో నుండి చికిత్స పొందినవాడు తన చికిత్స పత్రములను అడిగినచో 72 గంటలలో ఇయ్యవలెను. అడుగువాడు లేనిచో హక్కు కాగితముమీదనే యుండును.

కావున మన సంఘములు ఈ క్రింది పనులను పూనుకొనవచ్చును.

మొదటిది: నెలసరి సమావేశమున పావుగంట ఆరోగ్యమునకు కేటాయించి, ఆశా కార్యకర్తను పిలిచి, ఒక్కొక్క హక్కును చదివి వివరింపజేయవలెను.

రెండవది: కోరిన రోగికి తోడుగా సభ్యుడొకడు పోవలెను. అడుగవలసిన ప్రశ్నలు నాలుగే: జబ్బేమి? ఈ మందు ఎందులకు, ఎన్నాళ్లు? వేరు మార్గము కలదా? ఖర్చెంత?

మూడవది: ప్రతి కుటుంబమును మందుచీటీలను, పరీక్ష కాగితములను ఒక సంచిలో భద్రపరచవలెను. పొలము పట్టా యెంతో ఇవియు నంతే.

నాల్గవది: మందులు లేకున్నను, సిబ్బంది రాకున్నను తగవులాడక, తేదీ వేసి, సంఘము పేర అర్జీ వ్రాసి, నకలు ఉంచుకొనవలెను.

ఒక హెచ్చరిక. ఎవరి జబ్బును సభలో చర్చింపరాదు. క్షయ సోకినవాని పేరు రచ్చకెక్కినచో అతడు చికిత్సకే రాకపోవును. తోడుపోయినవాడు విన్నది తనలోనే ఉంచుకొనవలెను.

రోగికి ధర్మములును కలవు. నాటుమందు వాడినచో దాచరాదు. వ్రాసిన మందు పూర్తిగా వాడవలెను. వైద్యుని నిందింపరాదు, కొట్టరాదు. రోజుకు వందలమందిని చూచు వైద్యునకు, సంగతిని స్పష్టముగా చెప్పగల రోగి భారము కాదు, సహాయము.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు:

1. మన గ్రామ ఆరోగ్య కమిటీ సభ్యులెవరు? కడపటిసారి ఎప్పుడు కూడిరి?

2. వైద్య ఖర్చులకై గత సంవత్సరము మన సంఘములో అప్పు అడిగినవారెందరు? ముందుగా ఖర్చు తెలిసియున్నచో ఎందరి అప్పు తగ్గియుండును?

3. వచ్చు నెల రోగికి తోడు పోవుటకు సిద్ధముగా నున్న స్త్రీ యెవరు, పురుషుడెవరు?

ఈ మూడింటికిని జవాబులు మినిట్ పుస్తకమున వ్రాయించుడు. వ్రాసిన మాట పైనెలలో మరల అడుగబడును.